జీనులో చెట్టు

పొద్దుగాల మహిపాల్ చేసే మొదటి పని, ఉడికిన ఉలవలు చల్లార్చి గంపల పోసి ముత్యాలు ముందట పెట్టుడు. ముత్యాలంటే తెల్ల గుర్రం. కరీమాబాద్‌ల ఎవరింట్ల లగ్గమైనా బరాత్‌కు ముత్యాలే రావాలె. మహిపాల్, ఆయన పెండ్లాం రమ, ఇద్దరి బతుకూ దాని మీదనే. ఇగ ఆ గుర్రానికి ఎక్కడ నొప్పైతే మహిపాల్‌కు అక్కడ నొప్పైతది. దాన్ని ఈగ కుడితే ఈయన గోక్కుంటడు. దవాఖానల కాంపౌండర్ సుత "నీకా, గుర్రానికా?" అని అడిగే మందిస్తడు.

ఈ లగ్గాల సీజన్ల మాత్రం గుర్రం ఈపు, మహిపాల్ ఈపు రెండూ పుండైనయి. తప్పు బరాత్ జీనుది. అడుగున కట్టె, ఇనుము, పైన జరీ, అద్దాలు, పెండ్లికొడుకు పట్టుకునేటందుకు ముందట ఇత్తడి కొమ్ము. ఎంత సోకుంటే ఏం లాభం, కింద గుర్రం తోలు లేస్తాంది. మహిపాల్ ఏం చేసిండంటరు? పుండు మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద జీనేసి తోలుకపోయిండు. "ఆ నొప్పి నేను సుత మోస్తాన గదా" అని తనకు తనే సర్దిచెప్పుకున్నడు. ఏం న్యాయమో ఏమో!

రమ ఊకోలే. నలుగురినడిగి, డోర్నకల్ల ప్రభుదాసు తాత ఇంట్ల పాత ఇంగ్లీషు జీను ఉన్నదని, అగ్గువకే ఇస్తాండని కనుక్కున్నది.

"మెత్తటి తోలట. వెన్నుపూసకు తగలకుంట నడుమ సందుంటదట. జర పోయి చూసి రా" అని మొగుణ్ణి రైలెక్కించింది.

ప్రభుదాసు జీనుకు నూనె రాసి పెట్టిండు. తోలు అక్కడక్కడ పగిలింది. కుట్లు ఊడితే మల్ల వేయించిండు.

"తోలు చూడకు బిడ్డా, చెట్టు చూడు" అన్నడు.

"చెట్టేంది తాతా?" మహిపాల్ వాకిట్లకు చూసిండు.

ముసలాయన నవ్విండు. "జీను లోపల కట్టె ఉంటది. దాన్ని ఇంగ్లీషు దొరలు ట్రీ అంటరు. దొర గుర్రాన్ని చూసుకునే మా తాత దాన్ని చెట్టు చేసిండు. మా ఇంట్ల ఇప్పటికీ అదే మాట. రెండు దిక్కులా పట్టి ఒత్తు. నడుమ వంగిందనుకో, చెట్టిరిగినట్టు. గుర్రానికి నరకమే. వంగకుంటే ఏం ఫికర్ లేదు."

మహిపాల్ ఒత్తిండు. వంగలే. మంచి జీనని చేతులకు తెలుస్తనే ఉన్నది. కండ్లకు మాత్రం సైకిల్ సీటోలె కనవడ్డది. అద్దం లేదు, జరీ లేదు, కొమ్ము లేదు. "ఏందన్నా, గుర్రానికి బట్టలు దొరకలేదా?" అని బ్యాండోళ్ళు నవ్వుతరు. నలుగురిల ఇజ్జత్ పోతది. ఆ మాట ముసలాయన మొఖం మీద చెప్ప సిగ్గై, "చెట్టిరిగింది తాతా" అన్నడు.

ప్రభుదాసు మొఖం చిన్నబోయింది. "అవునా బిడ్డా? నా చేతులల్ల బలం తగ్గింది, తెలుస్తలేదు. అట్లైతే ఎవ్వరికీ ఇయ్య. పాపం తగులుతది" అని జీనును పక్కకు పెట్టిండు. ఆయన భార్య కృపమ్మ ఇచ్చిన చాయ సగంల ఇడిసి మహిపాల్ లేచిండు.

ఇంటికొచ్చి, కొట్టం ముందట నిలవడి రమకూ అదే చెప్పిండు. ముత్యాలు గడ్డి నములుడు ఆపి ఆయన దిక్కు చూసింది. ఆ సాయంత్రం ఇంకో బరాత్ ఉంటే ఇంట్ల ఉన్న జరీ జీనే వేసిండు.

తెల్లారి లేస్తే ఈపు హాయిగున్నది. తడుముకుంటే పుండు లేదు, మచ్చ సుత లేదు. "మానింది!" అని సంబురంగ కొట్టంలకు ఉరికి గుడ్డ లేపిండు. గుర్రం ఈపు పచ్చి పుండు. నిన్నటికన్న పెద్దగైంది. ఏం సమజ్ గాక వెనుకకు తిరిగితే, రమ వంగి వాకిలి ఊడుస్తాంది. రవిక ఈపున నెత్తురు మరక.

"ఎప్పటిసంది?" అన్నడు.

"నిన్నటిసంది." రమ చీపురు ఆపలే. "ముత్యాలు తన నొప్పి ఎవరికో ఒకరికి చెప్పుకుంటది గదా. నీకు చెప్పుడు బంద్ చేసినట్టున్నది."

"చెట్టిరగలే, రమా."

"నాకు తెలుసు. దానికి సుత తెలిసింది."

మహిపాల్‌కు సిగ్గుతోని ఒళ్ళు చచ్చింది. నున్నటి ఈపు మీద అంగి వేసుకుంటాంటే సుత సిగ్గైంది. ఒప్పుకున్న బరాత్‌లన్నీ వద్దన్నడు. మల్ల డోర్నకల్ పోయి, కృపమ్మ వింటాంటనే "చెట్టు మంచిగున్నది తాతా. నేనే అబద్ధమాడిన. జీను నాకియ్యి" అన్నడు. ప్రభుదాసు తిట్టలే. తిడితే బాగుండు.

"రాత్రంత నా చేతులనే అనుమానించిన బిడ్డా" అన్నడంతే.

పుండ్లు మానినయి, ముత్యాలుకూ రమకూ. ఇంగ్లీషు జీను చూసి బ్యాండోళ్ళు నవ్వనే నవ్విన్రు. మహిపాల్ ఆ నవ్వులు పడ్డడు. నొప్పి మాత్రం మల్ల ఆయన దిక్కు రాలే.

మొన్న వానల, పొయ్యికాడ రమ గబుక్కున కాలు పట్టుకొని కూసున్నది. మహిపాల్ తింటాన్న పళ్ళెం ఇడిసి కొట్టంలకు ఉరికిండు. ముత్యాలు కాలు లేపి, గిట్టల ఇరికిన కంకర రాయి తీసిండు.

"తగ్గిందయ్యా" అని లోపలినుంచి రమ కేకేసింది.

మహిపాల్ గుర్రం కాలు ఒళ్ళె పెట్టుకొని అట్లనే కూసున్నడు. "నాకు చెప్పరాదే, ఒక్కసారి" అని బతిమిలాడిండు.

ముత్యాలు మెల్లగ కాలు తీసుకొని, గడ్డి దిక్కు తిరిగింది.