రెండు వందల పదహారో చావు

ఉదయం ఏడు కాకముందే ఆయన మూడోసారి చచ్చిపోయాడు. మెడ మీద వేటు పడ్డట్టు ఉలిక్కిపడి, గుండె పట్టుకుని, అరచుట్టు తిరిగి, మంచం పక్కన పరిచిన పరుపు మీద బోర్లా పడ్డాడు.

"మెల్లిగా చావండి," అంది భార్య వంటగదిలోంచి. "కింద వాటా వాళ్ళింకా లేవలేదు."

ఆయన ఉద్యోగం అదే. సినిమాల్లో గూఢచారి ఎక్కడికి దూరినా తలుపు దగ్గర ఒక కాపలావాడు ఉంటాడు. హీరో వెనకనుంచి వచ్చి వాడి మెడ విరిచేసి లోపలికి పోతాడు. ఆ కాపలావాడు ముప్పై ఒక్కేళ్ళుగా ఈయనే. స్టూడియోలో శవం బాబాయ్ అని పిలుస్తారు, ఈయనా పలుకుతాడు. సన్నటి మనిషి. వంగిన భుజాలు, ఎడమ చెవి వెనక నాలుగు కుట్ల మచ్చ, పడీ పడీ అరిగిపోయిన మోకాళ్ళు. ఆ మోకాళ్ళు చూసే డాక్టరు ఇక చాలన్నాడు. ఇవాళ్టిది రెండు వందల పదహారో చావు. ఆఖరిది.

ఇన్ని చావుల్లో ఒక్కదాంట్లోనూ ఆయన మొహం తెరమీద పడలేదు. కాపలావాడు బోర్లా పడతాడు, కెమెరా హీరో వెంట పోతుంది. ఇంట్లో టీవీలో సినిమా వచ్చినప్పుడు ఆయన గబుక్కున ఒక వీపును చూపిస్తాడు. ఆ వీపు మీది కాదని భార్య వాదిస్తుంది. ముప్పై ఏళ్ళుగా చొక్కాలు ఉతుకుతున్న మనిషితో వాదనకు దిగడం ఎవరి తరమూ కాదు. ఒక్కసారి, ఆఖరిసారైనా మొహం పడితే బాగుండునని ఆయన ఆశ.

ఈ సినిమా డైరెక్టరు పాతికేళ్ళు దాటని అమ్మాయి. ఆమెకు అన్నీ నిజంగా ఉండాలి. హీరో తాళం తీయడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో అంతసేపూ తీయాలి. టేబుల్ మీద ఫైళ్ళలో నిజంగానే రాత ఉండాలి. హీరో మూడో అంతస్తు నుంచి దూకే షాటు తీసేసి, మెట్లు దిగి ఆయాసపడమంది. హీరో ఆ రోజంతా ముభావంగా ఉన్నాడట.

మొదటి టేకులో బాబాయ్ ఇంట్లో చచ్చినట్టే చచ్చాడు.

"బాబాయ్, మీరు చాలా అందంగా చచ్చిపోతున్నారు," అందామె.

"థాంక్సమ్మా."

"అదే చిక్కు. నిజంగా ఎవరూ అలా చావరు."

నిజంగా చచ్చినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు కదమ్మా అందామనుకుని మింగేశాడు. రెండో టేకులో గుండె పట్టుకోవడం మానేశాడు. మూడోదాంట్లో అరచుట్టు మానేశాడు. నాలుగోసారి బస్తాలా పడ్డాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. ఫైట్ మాస్టర్ చప్పుడు చేయకుండా ఒక కుర్ర ఫైటర్ని తెచ్చి పక్కన నిలబెట్టాడు. వాడి తలమీద అప్పుడే కాపలావాడి టోపీ ఉంది. టీ తాగాక ఇంకొక్కసారి చూద్దామందామె. ఆ ఒక్కసారి అంటే ఏమిటో బాబాయ్‌కి తెలుసు.

టీ గ్లాసు పట్టుకుని సెట్లోని టేబుల్ పక్కనే నిలబడ్డాడు. పట్టు ఎలా వేయాలో హీరోకి మళ్ళీ చూపించబోయాడు మాస్టర్. ఆ వృత్తిలో చెప్పకుండా మనిషి మెడ మీద చెయ్యి వెయ్యరు. చిరాకులో మాస్టర్ ఆ సంగతి మరిచాడు. వెనకనుంచి వచ్చి చటుక్కున బాబాయ్ మెడ చుట్టేశాడు.

బాబాయ్ కళ్ళు పెద్దవయ్యాయి. అయినా ముందుకు వంగాడు. మోచేత్తో ఫైలు పక్కకు జరిపాడు. గ్లాసు జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టాడు. అప్పుడు పడ్డాడు.

స్టూడియోలో బట్టలు చూసే అక్కంటే ఉన్న భయం అది. కాపలావాడి చొక్కా మీద మరక పడితే ఆమె ఊరుకోదు. అదే చొక్కాలో రేపు ఇంకొకడు చావాలి.

డైరెక్టరు పరుగున వచ్చింది. "బాబాయ్, గ్లాసెందుకు పెట్టారు?"

"ఒలికిపోతుందని."

"మెడ విరుగుతుంటే టీ గురించి ఆలోచించారా?"

"చచ్చిపోతున్నానని నాకు తెలీదు కదమ్మా. చేతిలో టీ ఉందని తెలుసు."

ఆమె నేలమీదే కూర్చుండిపోయి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఇంకో టీ తెమ్మంది. హీరో ఎప్పుడు వస్తాడో బాబాయ్‌కి చెప్పొద్దంది.

కెమెరా తిరిగింది. బాబాయ్ ఒక గుక్క తాగాడు. రెండో గుక్క తాగాడు. మూడో గుక్కకు చెయ్యి వచ్చి మెడ మీద పడింది. టేబుల్ కెమెరా వైపు ఉంది. గ్లాసు పెట్టాలంటే అటు తిరగక తప్పలేదు. పెట్టాడు, ఇప్పుడే వస్తానన్నట్టు దానివంక ఒకసారి చూశాడు, జారిపోయాడు. కట్ చెప్పి డైరెక్టరు కెమెరామన్ వంక చూసింది. మీసంలో తెల్ల వెంట్రుకలతో సహా మొహం పడిందన్నాడు కెమెరామన్. కుర్ర ఫైటరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

బట్టలక్క చొక్కాను వెలుతురుకు పట్టి చూసి, మరక లేదని తల పంకించింది. అలవాటు కొద్దీ, రేపెన్నింటికి అని అడిగింది.

"రేపట్నుంచి బతికే ఉంటానక్కా," అన్నాడు.

వెనక గేటు దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేసి, ఇవాళ మొహం పడిందన్నాడు. మీదో కాదో తను చూసి చెబుతానంది భార్య. ఆయన నవ్వుకుంటూ, కుంటుకుంటూ, జనంలో కలిసిపోయాడు.

మర్నాడు హీరో షాటు కూడా ఆ గదిలోనే కనుక, టేబుల్ మీద వస్తువులేవీ ముట్టుకోవద్దని ఎవరో చీటీ అంటించారు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఫైలు పక్కన గ్లాసులో సగం టీ చల్లారి, పైన పల్చటి మీగడ కట్టింది. చుట్టూ ఒక్క చుక్క కూడా ఒలకలేదు.