పోయిపూలో ఎర్లిండా వాటా

ఎర్లిండా బీచ్ పంపు దగ్గర గొంతుక్కూర్చుని పదిహేను మందికి సరిపడా బియ్యం కడుగుతోంది. ఆమె భర్త రూఫినో మడతకుర్చీలో కాళ్ళు బారజాపుకుని సముద్రాన్ని చూస్తూ, "ఆహా, ఇంతకంటే సెలవలేం కావాలి మనిషికి!" అన్నాడు.

ఏటా వేసవిలో హనపేపే ఉప్పుమళ్ళ పక్కనున్న బీచ్‌లో వాళ్ళ కుటుంబమంతా డేరాలు వేసుకుని వారం రోజులుంటుంది. కవాయి దీవిలో చాలామందికి సెలవలంటే అవే. మగవాళ్ళు వలలు విసురుతారు, పాటలు పాడతారు, మధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్రపోతారు. ఆడవాళ్ళు ఇంట్లో వండేదే ఇసకలో వండుతారు. గ్యాస్ సిలిండర్ దగ్గర్నుంచి ఉప్పు డబ్బా దాకా సర్ది బండెక్కించేదీ ఎర్లిండాయే, తిరిగొచ్చాక ప్రతి గిన్నెలోంచీ ఇసక దులిపేదీ ఎర్లిండాయే. ఆ రోజు బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తూ ఆమె అనుకుంది: ఇది ఇతని సెలవ. నాది ఇంకా మొదలుకాలేదు.

రూఫినో చెడ్డవాడేం కాదు. కౌంటీ రోడ్ల శాఖలో పనిచేస్తాడు. ఆమె కారు టైర్లు అడక్కముందే మారుస్తాడు. ఆమెకి జ్వరమొస్తే మందులు తెచ్చి తలగడ దగ్గర పెడతాడు. పెట్టి, "ఈ పూటకి ఏదో ఒకటి సింపుల్‌గా చేసెయ్‌లే" అంటాడు. ఆమె పనిచేసే పళ్ళ ఆసుపత్రిలో డాక్టరుగారు, "ఎర్లిండా మా అందరికీ అమ్మలాంటిది" అని పేషెంట్లకి పరిచయం చేసి, ఆ వెంటనే తన లంచ్‌బాక్సు వేడిచేసి తెమ్మంటారు. అమ్మ అన్నప్పుడల్లా తనకో పని తగులుకుంటుందని ఆమెకెప్పుడో అర్థమైంది. అరిచి గోల చెయ్యడం ఆమె స్వభావం కాదు. దారి కోసం చూసుకుంటూ ఉండిపోయింది.

ఆ దారి ఆసుపత్రికే వచ్చింది. అక్టోబరులో మిసెస్ హాల్వర్సన్ అనే పెద్దావిడ పన్ను విరగ్గొట్టుకుని వచ్చింది. ఆవిడది సముద్రానికి అవతలున్న ఓరెగాన్ రాష్ట్రం. పోయిపూ సముద్రతీరంలో ఒక రిసార్టులో ఆవిడకి టైమ్‌షేర్ ఉంది. గదుల్ని చాలామంది కలిసి కొనుక్కుని ఏడాదిలో తలా కొన్ని రాత్రులు వాడుకునే ఏర్పాటు అది. భర్త పోయాక అంతదూరం విమానంలో రావడం ఆవిడ వల్ల కావడంలేదు.

"అమ్ముదామంటే ఎవరూ ముందుకి రావడంలేదమ్మా. మరీ చిన్న వాటా. ఒకే గది, ఏడాదికి పట్టుమని ఎనిమిది రాత్రులు. దానికోసం సముద్రం దాటి ఎవరొస్తారు?"

"ఆ రాత్రులు విడివిడిగా వాడుకోవచ్చాండీ? ఒకటీ రెండూ చొప్పున?"

"వాడుకోవచ్చు. ఆఖరి నిమిషంలో ఖాళీ అయిన గదులైతే ఇంకా చవగ్గా ఇస్తారు. కానీ ఇవాళ ఖాళీ అని తెలిస్తే ఇవాళే వచ్చి దిగేదెవరు?" అని ఆవిడ ఆగి, ఎర్లిండా మొహంలోకి చూసింది. "నువ్వు ఈ ఊళ్ళోదానివే కదమ్మా. నీకెందుకిది?"

"ఈ ఊళ్ళోదాన్ని కాబట్టేనండీ."

ఇంట్లో ఆ మాట చెప్పినప్పుడు రూఫినో కుర్చీలోంచి పడినంత పనిచేశాడు.

"అరగంట దూరంలో మన ఇల్లు పెట్టుకుని, డబ్బిచ్చి పక్కూళ్ళో పడుకుంటావా? ఎవరైనా వింటే నవ్వుతారు! పైగా ఏటా మెయింటెనెన్సు కట్టాలట కదా?"

"నీ పడవకి కట్టడంలేదూ? అది నీళ్ళు చూసి రెండేళ్ళయింది."

"పడవంటే పడవ."

"గదంటే గది. నా జీతంలోంచి కడతాను."

కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు అపొలోనియా తల ఎత్తలేదు. "కాపురం చేసుకునే ఆడది ఒంటరిగా హోటల్లో పడుకుంటే ఊరేమంటుందో?" అంది.

"మహా అయితే నిద్రపోయిందంటారు, అత్తయ్యా."

వారం రోజులు ఇంట్లో ఆ గది మీద జోకులే జోకులు. రూఫినో స్నేహితులు గరాజులో బీరు తాగుతూ, "వదినగారు టూరిస్టయిపోయారు, రేపట్నుంచి మనల్ని దారి అడుగుతారు" అని నవ్వారు. ఎర్లిండా కూడా వాళ్ళతోపాటు నవ్వి, వేయించిన చేపల ప్లేటు అక్కడ పెట్టి లోపలికెళ్ళి, రిసార్టు నిబంధనలు చదువుకుంది. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివింది. ఆమెకి కోపం రాలేదు. కొనాలో వద్దో అనే ఊగిసలాటలో ఉంటే కోపమొచ్చేదేమో. ఆమె మనసులో ఎప్పుడో కొనేసింది.

రిజిస్ట్రేషను చేసే ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మీవారి పేరు కూడా కలపమంటారా మేడమ్? మామూలుగా అందరూ కలుపుతారు."

ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉంది. సుఖదుఃఖాలన్నీ ఇద్దరి పేరునా ఉన్నాయి. చాకిరీ మాత్రం ఒక్క పేరు మీదే నడుస్తోంది.

"వద్దమ్మా, నా ఒక్కదాని పేరే రాయండి" అంది.

మొదటిసారి వెళ్ళింది ఒక మంగళవారం, ఆసుపత్రి నుంచి నేరుగా. ఎవరో రావడం మానుకున్న గది అది. గేటు దగ్గర కాపలాదారు ఆమె యూనిఫాం చూసి, "పనివాళ్ళ పార్కింగ్ వెనకవైపుందక్కా" అన్నాడు.

"పనికి రాలేదు తమ్ముడూ. పడుకోవడానికొచ్చాను."

అతను కంగారుపడి గేటు తీశాడు. ఎర్లిండాకి ఒక్క క్షణం చెంపలు మండాయి. పుట్టిన దీవిలో, తాతలు చెరకు నరికిన నేల మీద, ముందు గేటులోంచి వెళ్ళాలంటే సంజాయిషీ చెప్పుకోవాలి. చెప్పింది కాబట్టే మరింత నింపాదిగా కారు పోనిచ్చి, సముద్రానికి దగ్గరగా ఉన్న చోట ఆపింది.

గదిలో మంచం, చిన్న వంటగట్టు, బాల్కనీలో రెండు కుర్చీలు. ఎంత హాయిగా ఉంటుందోనని ఊహించుకుని వచ్చిన ఆమెకి ముందుగా వేసింది భయం. చెయ్యడానికేం లేదు. టీ తాగి కప్పు కడిగింది. కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. మడతపెట్టి ఉన్న తువ్వాళ్ళు విప్పి మళ్ళీ మడతపెట్టింది. అప్పుడు తన చేతుల్ని చూసుకుంటే వింతగా అనిపించింది, యజమాని వెళ్ళిపోయినా కాడి దగ్గరే నిలబడ్డ ఎద్దుల్లా ఉన్నాయవి. పెళ్ళికి ముందు తనకి ఏం ఇష్టముండేదో గుర్తుచేసుకోబోయింది. చప్పున రాలేదు. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూసింది, అదీ రాలేదు. నిద్ర వచ్చింది. పొద్దున్న ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు, ఎవరూ లేపలేదు.

ఆ తర్వాత నాలుగైదుసార్లు వెళ్ళింది. ఒకసారి ఈతకొట్టింది. ఒకసారి ఏమీ చెయ్యలేదు, అదే అన్నిటికంటే బాగుంది. ఇంట్లో జోకులు ఆగిపోయాయి.

ఫిబ్రవరిలో రూఫినో హుషారుగా వచ్చి చెప్పాడు. "డెల్ఫిన్ వాళ్ళు లాస్‌వేగస్ నుంచి వస్తున్నారు. నీ గది మన వాళ్ళకి పనికొస్తుందిలే. వాడికి మాటిచ్చేశాను."

డెల్ఫిన్ రూఫినో తమ్ముడు. పెళ్ళాం, ముగ్గురు పిల్లలు.

"నువ్వెలా ఇచ్చావు? అది నీది కాదుగా" అంది ఎర్లిండా మామూలు గొంతుతో.

"మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటి?"

"అలాగే. అయితే వంట కూడా మనదే. ఇవాళ్టి నుంచి సగం నువ్వు చెయ్యి."

కిటికీ దగ్గర్నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. అత్తగారే. రూఫినో తల్లివైపు చూశాడు. ఆవిడ నవ్వు దాచుకోలేదు. "ఆ మంచం మెత్తగా ఉంటుందా?" అని కోడల్ని అడిగింది.

"చాలా మెత్తగా ఉంటుందత్తయ్యా."

"ఊఁ" అని ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

"ఇప్పుడు వాడికేం చెప్పను?" అన్నాడు రూఫినో.

"నిజం చెప్పు. మా ఆవిడ గది, మా ఆవిడ ఒప్పుకోలేదు అని. వాళ్ళు మన ఇంట్లో ఉంటారు, ఎప్పటిలాగే. పక్కలు నువ్వు వెయ్యి. దుప్పట్లు బీరువా పైఅరలో ఉన్నాయి."

డెల్ఫిన్ వాళ్ళు దిగే రోజున ఎర్లిండా ఆసుపత్రి నుంచి పోయిపూకి వెళ్ళింది. దారిలో వేయించిన చేపా, అన్నమూ ఒక పొట్లం కట్టించుకుంది. బాల్కనీలో కూర్చుని, కాళ్ళు ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని, ఇంకా వెలుతురుండగానే ముల్లు ముల్లూ ఏరుకుంటూ తింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. వెనక నుంచి పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు.

"వీళ్ళొచ్చేశారు, ఎర్లిండా. అందరూ ఆకలి మీదున్నారు. ఏం తినాలి ఇప్పుడు?"

ఆమె సముద్రాన్ని చూస్తూ, ఏ తొందరా లేకుండా జవాబిచ్చింది.

"నేను తినేశాను, రూఫినో."