తుముల్ ఏవియా ఆఖరి సర్వీసు

తుముల్ ఏవియా మూతపడిందని నది పొడుగునా ఉన్న ఊళ్లకు ఎవరూ చెప్పలేదు. విమానం రాలేదు, అంతే. మంచుతుపాను వల్లేమో అనుకున్నారు. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో కూడా రాకపోయేసరికి వాళ్లకే అర్థమైంది.

పైలట్ ప్రొకోపీ వినకూరొవ్‌కు మాత్రం ఆ సంగతి ముందే తెలుసు. సోవియట్ రాజ్యం పోయాక, యాకూత్స్క్ నగరానికి ఉత్తరాన ఒక చిన్న విమానాశ్రయంలో మిగిలిన పైలట్లూ మెకానిక్కులూ కలిసి పెట్టుకున్న కంపెనీ అది. పాత పేరు గీకేసి, జంటరెక్కల అంతొనొవ్ విమానాల మీద నీలిరంగుతో తమ పేరు తామే రాసుకున్నారు. చేతిలో డబ్బాడని కాలంలో చేపలు తీసుకుని కూడా జనాన్ని ఎక్కించుకున్నారు. బడి పుస్తకాలు, మందులు, పెళ్లికూతుళ్లు, శవపేటికలు అన్నీ వాటిలోనే తిరిగాయి. తర్వాత మాస్కో నుంచి ఎవరో వచ్చి వాటాలు కొన్నారు, విమానాలను ఒక్కొక్కటే అమ్ముకున్నారు. చివరికి ఒక్కటి మిగిలింది. దాన్నీ నగరానికి తోలుకెళ్లి తుక్కు చేయమని ఉత్తర్వు వచ్చింది.

ఆ పని చూడడానికి హొలొదొవ్ అనే అధికారి గడ్డకట్టిన నది మీదుగా లారీలో వచ్చాడు. తిరుగు ప్రయాణం మాత్రం విమానంలోనే అన్నాడు. లారీలో అతని నడుం విరిగినంత పనైంది.

ఎదురు చెప్పి లాభం లేదని ప్రొకోపీ అప్పటికే భార్యతో అనేశాడు. ఉత్తర్వు ప్రకారం ఖాళీ విమానాన్ని తిన్నగా నగరంలో దింపి, ఇంటికొచ్చి పడుకుందామనే పొద్దున బయల్దేరాడు. కానీ విమానాశ్రయం గదిలో నది ఊళ్ల ముసలావిడ మత్రోనవ్వ కనిపించింది. కంటి ఆపరేషన్‌కని వచ్చి, తిరిగి వెళ్లే దారిలేక పొయ్యి పక్కనే మూటమీద కూర్చుని రోజులు వెళ్లదీస్తోంది. ఆమెతోపాటు ఇంకొందరున్నారు.

"వచ్చావా బాబూ? వస్తావని వీళ్లకు చెబుతూనే ఉన్నా," అందామె.

ప్రొకోపీకి తలెత్తి చూడడానికి మొహం చెల్లలేదు. నేరుగా బయటికెళ్లి ఇంజను వేడి చేయించాడు. ట్యాంకులు నిండుగా ఉన్నాయి. విమానాశ్రయం పెద్ద అకులీన ఎవరినీ అడక్కుండానే నింపించింది.

ప్రయాణికులు వెనకాలే రావడం చూసి హొలొదొవ్ అడ్డం వచ్చాడు. బీమా లేదు, టిక్కెట్లు లేవు, అసలు కంపెనీయే లేదు అన్నాడు.

"కంపెనీ లేకపోతే పోయింది. విమానం ఉందిగా," అంది అకులీన.

"మీరు మాట్లాడకండి. మీ ఉద్యోగం నిన్నటితోనే పోయింది."

"పోయిందిగా! ఇంక నాకేం భయం?" అంటూ ఆమె మత్రోనవ్వ మూటను లోపలికి గిరాటేసింది.

హొలొదొవ్ ప్రొకోపీ వైపు తిరిగి, లైసెన్సు ఊడిపోతుందని హెచ్చరించాడు.

"తీసుకోండి సార్. కాకపోతే నగరం చేరాక తీసుకోండి. మధ్యలో లాక్కుంటే మీరే నడపాల్సొస్తుంది."

రేడియోలో ఊళ్ల మీదుగా మామూలు దారినే వెళ్తున్నానని చెప్పాడు ప్రొకోపీ. అవతలి మనిషి, గాలి అనుకూలంగా ఉంది, జాగ్రత్తగా వెళ్లు అన్నాడు.

ఒక్క ఊరూ వదల్లేదు. ఇంజను మోత వినగానే జనం కోట్ల గుండీలైనా పెట్టుకోకుండా పరుగెత్తుకొచ్చారు. మత్రోనవ్వను మనవలు ఎత్తుకున్నంత పని చేసి దించుకున్నారు. కొత్త బూట్లు వేసుకున్న హొలొదొవ్‌ను చూసి, విమానాన్ని మళ్లీ తెప్పించిన పెద్దమనిషి ఈయనే అనుకుని, గడ్డకట్టిన చేపలు ఒళ్లో పెట్టారు.

ఆఖరి ఊళ్లో ఒకావిడ మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది. హొలొదొవ్ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ప్రొకోపీ కిందికి దిగాడు.

"రాను అక్కా. ఇదే ఆఖరు. దీన్ని కోసేస్తారు."

ఎవరూ ఏడవలేదు. ఆవిడ తిన్నగా తలుపు దగ్గరికొచ్చి హొలొదొవ్‌ను పలకరించింది.

"నాయనా, మాకు ప్రాణం మీదికొస్తే ఎవరికి చెప్పుకోవాలి? నీ పేరేంటి?"

అతను చెప్పాడు. ఆవిడ తప్పు పలక్కుండా తిరిగి చెప్పి, వెనకున్నవాళ్లందరికీ వినిపించింది.

ఆ శీతాకాలమంతా ఊరూరి నుంచీ ఆ పేరుకు టెలిగ్రాములు వెళ్తూనే ఉన్నాయి. మంత్రుల కార్యాలయానికీ వెళ్లాయి.

హొలొదొవ్ మాత్రం అన్నంత పనీ చేశాడు. ప్రొకోపీని విచారణకు పిలిచారు. పొరపాటైందని ఒక్క ముక్క రాసిస్తే వదిలేస్తామన్నారు. పొరపాటు కానిదాన్ని అలా ఎందుకు రాయాలని అడిగాడు. లైసెన్సును ఏడాదిపాటు ఆపేశారు. ఎండలు రాగానే విమానాన్ని ముక్కలు చేశారు. రెక్కలు కోస్తుంటే ప్రొకోపీ దగ్గర నిలబడి చూశాడు. చలికాలం రాగానే నది మీద లారీ తోలాడు.

ఊళ్ల గోల భరించలేక ప్రభుత్వం చివరికి వేరే కంపెనీతో ఆ దారిలో సర్వీసు పెట్టించింది. ప్రొకోపీ ఉద్యోగం అడగడానికి వెళ్లాడు. కొత్త మేనేజరు పాత గొడవ అంతా విని, ఇప్పుడైనా చెప్పినమాట వింటావా అని అడిగాడు.

"ఎక్కాల్సినవాళ్లను నేల మీద వదిలేసి ఖాళీగా పొమ్మంటే వినను. అప్పుడూ వినలేదు. ఇష్టమైతే తీసుకోండి."

ఆ దారికి పైలట్లు దొరకడం లేదన్నది ఇద్దరికీ తెలుసు.

మేనేజరు సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు.