పంతొమ్మిదో సైరన్

శాసనసభలో మంత్రులు చెప్పే జవాబులు మంత్రులు రాసుకోరు. ఈ సంగతి సభలో కూర్చునే వాళ్ళందరికీ తెలుసు, తెలియనట్టు ఉండడం మర్యాద. నదులూ ఆనకట్టల శాఖ జవాబుల్ని ఇరవై ఏళ్ళుగా రాస్తున్నది మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఒక సెక్షన్ ఆఫీసరు. ఆఫీసంతా ఆమెను జవాబులమ్మ అంటుంది. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటుగా అన్నారు, ఇప్పుడు ఆవిడే ఫోనెత్తి "జవాబులమ్మని మాట్లాడుతున్నా" అనేస్తోంది. ఈలోగా ఐదుగురు మంత్రులు మారారు. అవునండి, లేదండి, ప్రశ్న ఉత్పన్నం కాదు అనే మూడు ముక్కలతో ఆవిడ ఐదుగురినీ గట్టెక్కించింది.

ఆ గురువారం పొద్దున పదింటికి జవాబులమ్మ సభలో అధికారుల గ్యాలరీలో, వెనక వరసలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఫైలు ఉంది. దాన్ని ఇప్పటికి నాలుగుసార్లు తెరిచి మూసింది.

ఆవిడ భయానికి కారణం నాలుగు ముక్కల ప్రశ్న. అడిగింది ప్రతిపక్షంలో కూర్చునే ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి వచ్చింది కాబట్టి అందరికీ లెక్కల టీచరమ్మ. ఆనకట్ట దిగువన వరద హెచ్చరిక సైరన్లు పెట్టిన మాట నిజమేనా? పెడితే ఎన్ని, ఎంత ఖర్చుతో? అవన్నీ పనిచేస్తున్నాయా? లేకపోతే కారణాలేమిటి? దానికి జవాబులమ్మ రాసిన జవాబు అచ్చయి ప్రతి సభ్యుడి బల్ల మీదా ఉంది. అవునండి. పంతొమ్మిది, ఖర్చు వివరాలు అనుబంధంలో చూడవచ్చు. అన్నీ పనిచేస్తున్నాయండి. చివరి ముక్కకు, ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ 'అన్నీ' అన్న మాటే ఆవిడను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

ఆ సెక్షన్‌కు ఒక పద్ధతి ఉంది. జవాబు అచ్చుకు వెళ్ళే ముందు పంతొమ్మిది చోట్లకూ ఫోన్ చేసి కనుక్కుంటారు. సాయంత్రం ఐదింటికల్లా ఎవరైనా పలక్కపోతే, ఆ పేరు ఎదురుగా 'మార్పు లేదు' అని రాసి పాత జవాబే దించేస్తారు. మౌనం అర్ధాంగీకారం అంటుంది లోకం. ఆ సెక్షన్‌లో అది పూర్తి అంగీకారం. పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు గానీ, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ నేర్పింది మాత్రం జవాబులమ్మే. నిన్న సాయంత్రం ఐదింటికి పంతొమ్మిదో సైరన్ ఎదురుగా 'మార్పు లేదు' అని రాసిందీ ఆవిడే.

పంతొమ్మిదో సైరన్ చిట్టచివరిది. నది కొండను చుట్టుకుని మలుపు తిరిగే చోట, పల్లంలో నాలుగు వందల గడప. కొండ అడ్డం కాబట్టి పద్దెనిమిదో సైరన్ మోత అటు వినబడదు. ఊరికి మైలు దూరంలో మిట్ట మీద ఒక గదీ, గదిని ఆనుకుని ఇనప స్తంభం, దాని కొసన సైరన్. ఆ గదిలోనే ఒంటరిగా ఉంటాడు దాన్ని మోగించే మనిషి. జవాబులమ్మ ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. పదకొండేళ్ళుగా ఫోన్లో బాబాయ్ అంటోంది, ఆయన తల్లీ అంటున్నాడు. మిగతా పద్దెనిమిది మందికీ ఆవిడే ఫోన్ చేయాలి. బాబాయ్ మాత్రం ప్రతి సోమవారం తనే చేస్తాడు. సైరన్ ఒక్క నిమిషం మోగించి, రిసీవరు కిటికీలోంచి బయటికి పెట్టి, "విన్నావా తల్లీ? నా మాట నమ్మకు, నీ చెవిని నమ్ము" అంటాడు. ఆవిడ విన్నానని చెప్పి రిజిస్టరులో పనిచేస్తోందని రాసుకుంటుంది. ఎప్పుడు చేసినా రెండో రింగుకే ఎత్తుతాడు. "ఫోన్ పక్కనే పడుకుంటావా ఏంటి బాబాయ్" అంటే, "మరి నువ్వు తప్ప నాకు ఫోన్ చేసేదెవరు" అనేవాడు.

ఈ సోమవారం బాబాయ్ ఫోన్ రాలేదు. సభ మొదలయ్యే రోజు, తల గోక్కోవడానికి తీరిక లేని రోజు. ఇవాళ ఒక ఫోన్ తగ్గింది, బతికిపోయాను అనుకుంది జవాబులమ్మ. ఆ అనుకున్న మాట ఇప్పుడు వద్దన్నా గుర్తొస్తోంది. మంగళవారం ఆవిడే చేసింది. మోగింది, ఎత్తలేదు. బుధవారం రోజంతా చేసింది. మోగుతూనే ఉంది.

ఇవాళ పన్నెండింటికి ఆనకట్ట గేట్లు ఎత్తుతారు. వారం రోజులుగా పైన కురిసిన వానకు నీళ్ళు అంచుదాకా వచ్చాయి. పదకొండింటికి కంట్రోల్ రూమ్ నుంచి కబురు పోతుంది, ఎవరి సైరన్ వాళ్ళు మోగిస్తారు, జనం గంటలోపు మిట్టకు చేరతారు. ఏర్పాటు అది. జవాబులమ్మ పొద్దున్నే కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసింది.

"పంతొమ్మిదో నంబరుకి మనిషిని పంపించండి బాబూ, మూడు రోజులుగా పలకట్లేదు."

"మీ జాబితాలో పనిచేస్తోందనే ఉంది కదా మేడం. మేం మీ జాబితా చూసే కదా నడుచుకునేది."

"జాబితా రాసింది నేనే. నేనే చెప్తున్నా, అనుమానంగా ఉంది."

"అయితే మీరు మార్చి పంపండి, మేం మనిషిని పంపుతాం."

మార్చాలంటే కార్యదర్శి సంతకం కావాలి. కార్యదర్శి శాఖకంతటికీ పెద్ద. ఆయన సభ గుమ్మం దగ్గర నిలబడి, టై సర్దుకుంటూ విన్నాడు.

"జవాబు అచ్చయిపోయిందమ్మా. ఒక ముసలాయన ఫోన్ ఎత్తకపోతే ప్రభుత్వం మాట మార్చుకుంటుందా? తేడా ఉంటే రేపు సవరణ ప్రకటన పెడదాం."

"గేట్లు ఇవాళ కదండీ, సార్."

"మీకు రిటైర్మెంటు ఇంకా ఎన్నేళ్ళుంది?" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

ఆరేళ్ళుంది. ఇంట్లో భర్త పనిచేసే మిల్లు మూతపడి రెండేళ్ళయింది. కూతురు చదువు సగంలో ఉంది. ఇల్లు నడిచేది ఈ ఒక్క జీతం మీద. ఆయనకు ఇదంతా తెలుసు, తెలిసే అడిగాడు. సభలోకి తేకూడని ఫోన్‌ను గుమ్మం దగ్గరి పెట్టెలో పడేసి, జవాబులమ్మ నోరు మూసుకుని లోపలికి వచ్చి కూర్చుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇరవై ఏళ్ళు మంత్రుల్ని గట్టెక్కించిన మనిషికి తను ఎక్కే గట్టు కనబడలేదు.

సభాపతి ప్రశ్న సంఖ్య చదివాడు. మంత్రి లేచాడు. నిమ్మకు నీరెత్తినట్టుండే మనిషి.

జవాబులమ్మ ఒక చీటీ తీసి గబగబా రాసింది. 'పంతొమ్మిది సరిచూడాలి. అన్నీ అనవద్దు.' గ్యాలరీ నుంచి మంత్రికి చీటీలు మోసే ముసలి బంట్రోతు చేతిలో పెట్టింది. చీటీ ఏదైనా ముందు వరసలో కార్యదర్శి చేతుల మీదుగానే వెళ్ళాలి. అదీ పద్ధతే. కార్యదర్శి దాన్ని విప్పి చదివాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూడను కూడా లేదు.

"అధ్యక్షా, పంతొమ్మిది సైరన్లూ పనిచేస్తున్నాయండి," అన్నాడు మంత్రి. "సభ్యులకు భయం అక్కర్లేదు. గేట్లు అనుకున్న వేళకే ఎత్తుతున్నాం."

గోడ గడియారం పదీ పద్దెనిమిది చూపిస్తోంది. జవాబులమ్మకు నాలుగు వందల గడప అని తనే రాసిన అంకె కళ్ళ ముందుకు వచ్చింది. గడపకు ఎంతమందో ఆ కాగితంలో లేదు. ఎందుకో ఇప్పుడు ఆ లెక్క వేయబోయి ఆగిపోయింది. తర్వాత ఆవిడ చేసిన పని గురించి ఎవరైనా ధైర్యమంటే నమ్మకండి. ధైర్యం కాదు. రెండు భయాల్లో పెద్దది చిన్నదాన్ని తోసేసింది, అంతే. ఆవిడ కాళ్ళు వాటంతట అవే లేచాయి.

"అధ్యక్షా," అంది జవాబులమ్మ. ఇరవై ఏళ్ళుగా కాగితం మీద రాసిన మాట, నోటితో అనడం అదే మొదటిసారి. "పంతొమ్మిదోది పనిచేస్తోందో లేదో మాకు తెలియదండి. అక్కడి మనిషి మూడు రోజులుగా ఫోన్ ఎత్తట్లేదు. ఆ జవాబు రాసింది నేనేనండి."

సభ్యుడు కాని మనిషి సభలో నోరు విప్పడం నేరం. రెండొందల తలలు ఒక్కసారి పైకి తిరిగాయి. కింద బల్ల దగ్గర ప్రతి మాటా రాసుకునే ఇద్దరూ పెన్నులు పైకెత్తి పట్టుకున్నారు. సభాపతి గంట కొట్టి, గ్యాలరీలోంచి వచ్చిన మాటలు రికార్డుకు ఎక్కవని ప్రకటించాడు. ఆడ మార్షల్ వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "నడవండమ్మా," అంది మెల్లిగా. జవాబులమ్మ నడిచింది.

మార్షళ్ళ గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ఫోను, గోడ మీద సభ జరిగేది వినిపించే స్పీకరు ఉన్నాయి. సభ ముగిసేదాకా అక్కడే ఉండాలంది మార్షల్. మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టింది. జవాబులమ్మ దాన్ని పక్కకు జరిపింది. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలి? ఏమీ కాకపోతే? బాబాయ్ ఏ చుట్టాలింటికో వెళ్ళి ఉంటే? తను పిచ్చిదై, ఉద్యోగం పోయి, ఊరు క్షేమంగా ఉంటే? అలాగే కావాలని మొక్కుకుంది. అలా మొక్కుకుంటుంటే కూడా భయమేసింది.

స్పీకరులో లెక్కల టీచరమ్మ గొంతు వినబడింది. బళ్ళో అల్లరి అణచిన గొంతు.

"అధ్యక్షా, ఇప్పుడు విన్నది రికార్డుకి ఎక్కదన్నారు. మంచిది. నా అనుబంధ ప్రశ్న ఎక్కుతుంది కదా. పంతొమ్మిదో సైరన్ మనిషితో శాఖవాళ్ళు ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడారు?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆ కాగితాల్లో ఈ జవాబు లేదని జవాబులమ్మకు తెలుసు.

"సమాచారం తెప్పించి సభ ముందు ఉంచుతామండి."

"పన్నెండుకి ముందా, తర్వాతా?"

ఆడ మార్షల్ కూడా తలెత్తి స్పీకరు వంక చూసింది. చివరికి మంత్రి అన్నాడు, "మనిషి వెళ్ళి చూసొచ్చేదాకా గేట్లు ఆపమని చెప్తున్నాం అధ్యక్షా." ఆ గొంతులో నిమ్మ నీరు దిగిపోయింది.

పదకొండు దాటింది. కార్యదర్శి ఒక కాగితం పంపించాడు, సస్పెన్షన్ ఉత్తర్వు. ఇలాంటివి మాత్రం అరగంటలో తయారవుతాయి. జవాబులమ్మ దాన్ని చదివి, అలవాటు కొద్దీ తేదీ సరిగా వేశారో లేదో చూసి, మడిచి ఫైలులో పెట్టింది.

పదకొండున్నరకు బల్ల మీద ఫోన్ మోగింది. మార్షల్ ఎత్తి, విని, "మీ సెక్షన్‌కి వచ్చిన ఫోనట, ఇటు కలిపారు. మీకేనమ్మా," అని ఇచ్చింది.

"అమ్మా, నేను కాలవ తూములు చూసే లస్కరునండి," అంది అవతలి గొంతు, రొప్పుతూ. "చూసి రమ్మంటే సైరన్ గదికొచ్చాను. ఇక్కడ గోడ మీద సుద్దతో జవాబులమ్మ తల్లి అని రాసి ఒక నంబరుంది. ఇంకే నంబరూ లేదు. ఎవరికి చెప్పాలో తెలీక దానికే చేశాను."

"బాబాయ్ ఏడండీ?"

లస్కరు గొంతు తగ్గించాడు.

"స్తంభం కింద ఉన్నాడమ్మా. పైన సైరన్ మూత ఊడదీసి ఉంది, పక్కన పానా పడుంది. బాగుచేద్దామని ఎక్కినట్టున్నాడు. ఎక్కి రెండు మూడు రోజులై ఉంటుంది. ప్రాణం లేదమ్మా."

ఆవిడ మంగళవారం చేసిన ఫోన్లు, బుధవారం చేసిన ఫోన్లు, అన్నీ ఆ గదిలో మోగాయి. ఆయన గోడకు అవతల వానలో పడి ఉన్నాడు. ఒకవేళ మంగళవారానికి ప్రాణం ఉందేమో. ఆ రింగు ఆయనకు వినబడిందేమో. జవాబులమ్మ ఇక ఆ ఆలోచన దగ్గరికి వెళ్ళలేకపోయింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"సైరన్ మోగుతుందా?" అని మాత్రం అడిగింది.

"మీట నొక్కి చూశానమ్మా. చడీ చప్పుడూ లేదు. మావాళ్ళు ఇంటింటికీ వెళ్ళి జనాన్ని మిట్టకు తీసుకొస్తున్నారు. ఉండండి, మీరే వినండి."

రిసీవరు కిటికీలోంచి బయటికి పెట్టినట్టున్నాడు. మొదట వాన చప్పుడు, తర్వాత ఎక్కడో కింద నుంచి పళ్ళేలు గరిటెలతో వాయిస్తున్న మోత, గేదెల అరుపులు, ఎవరో తల్లి పిల్లల్ని పేరు పేరునా పిలుస్తున్న కేక. మిట్ట ఎక్కుతున్నారు. నాలుగు వందల గడప, గడపకు ఎంతమందో అంతమందీ.

"విన్నారామ్మా?" అన్నాడు లస్కరు.

"విన్నాను."

ఫోన్ పెట్టేయమని మార్షల్ చేత్తో సైగ చేసింది. జవాబులమ్మ రిసీవరును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఇన్ని రోజులకు అవతల ఎత్తిన ఫోను పెట్టేయడానికి ఆవిడకు భయమేసింది.