నూటమూడు డిగ్రీల మాట

పొద్దున ఆరింటికి బయ్యమ్మ సూదులు, గాజు సిరంజీలు ఉడకబెట్టేది. ఏడింటికి థర్మామీటరు పట్టుకొని పిల్లల వార్డంతా తిరిగేది. మదనపల్లెలో దొరస్వామి డాక్టరు ఆస్పత్రిలో ఆమె నర్సు ట్రైనింగు ముగియడానికి ఇంక పదకొండు దినాలే. ఆ కాగితం చేతికొస్తే సొంతూరు కుప్పంలో, కొత్తగా పెట్టిన పసిబిడ్డల వార్డులో ఉద్యోగం. పందొమ్మిదివందల డెబ్బైతొమ్మిదిలో ఆడపిల్లకు అంతకంటే పెద్ద కాగితం పెండ్లిపత్రిక ఒకటే. దాన్ని ఆమె అచ్చయిన నాడే పొయ్యిలో పెట్టేసింది.

వార్డులో ఎప్పుడూ గోలే. జ్వరం నూటమూడు దాటితే ఆ సీమలో పసిబిడ్డలు పెద్దోళ్ళ మాదిరి మాట్లాడతారు, అందరికీ తెలిసిందే. పండ్లు రాని నోటితో ఒకడు పక్కమంచం వాడి దగ్గును తిడతాడు. ఇంకొకతె కిటికీ మూయమంటుంది. జ్వరం దిగితే మళ్ళీ ఉంగా ఉంగా. ఎవరూ చెవిన పెట్టరు. కోడలి మాటకే దిక్కులేని ఇండ్లలో కోడలి కడుపున పుట్టినదాని మాట ఎవరిక్కావాల?

ఆ సోమవారం పుంగనూరు బస్సు దిగి మునిరత్నమ్మ వచ్చింది. వెనక కోడలు చెంగమ్మ, కోడలి ఒళ్ళో ఏడు నెలల ఆడబిడ్డ. జ్వరం నూటనాలుగు. కండ్లు గుంటలు పడినాయి. మాడు లోపలికి దిగింది. పొట్టమీద చర్మం పట్టి వదిలితే పట్టినట్టే నిలబడింది.

"మూడు దినాలుగా బేదులు నర్సమ్మా," అనింది మునిరత్నమ్మ.

"నీళ్ళేమన్నా తాపినారా?"

"బేదులయ్యే బిడ్డకు నీళ్ళెవురన్నా తాపుతారా? పోసేకొద్దీ పోతాది. సుక్క తాపలే. దీనమ్మ పాలు గూడా మాన్పించినా," గొప్పగా చెప్పింది.

"నాలిక అట్టగట్టింది," అనింది ఒళ్ళోని బిడ్డ. "మా యక్కను గూడా ఇట్లే ఎండబెట్టినారంట. మాయమ్మ ఏడస్తా సెప్పుకుంటాంటే ఇన్న్యా."

"గమ్మునుండే! పెద్ద సెప్పొచ్చింది," అని గదిమింది మునిరత్నమ్మ.

చెంగమ్మ నేల చూసింది.

డాక్టరు రెండు చేతులూ రెండు కాళ్ళూ పొడిచినా నరం దొరకలేదు. ఎండిన ఏట్లో నీళ్ళు దొరికితే కదా! సెలైను సీసా పక్కన పెట్టించాడు. "సాయంత్రం మళ్ళా చూద్దాం. పేగులకు రెస్టు కావాల. నోట్లో చుక్క పడకూడదు."

లావు పుస్తకాలు చదివిన డాక్టరూ, పుస్తకం ముట్టని మునిరత్నమ్మా ఒక్క మాటమీద నిలబడినారు. కాదన్నది బిడ్డ ఒక్కతే.

"సాయంత్రానికి నేనుండనక్కా," అనింది.

బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో ఉప్పు చక్కెర నీళ్ళతోనే బిడ్డల్ని నిలబెట్టినారని బయ్యమ్మ ఒక పాత ఆరోగ్య పత్రికలో చదివింది. డాక్టరుకు చూపిస్తే, "పత్రికలు చదివి వైద్యం చేస్తావా?" అని నవ్వినాడు.

మధ్యాన్నం మునిరత్నమ్మ సంగటి తినడానికి చెట్టుకిందికి పోయింది. బయ్యమ్మ కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపి చెంచాతో పట్టింది. చెంగమ్మ లేచి పోయి వాకిలికి అడ్డంగా నిలబడింది. చెంచా చెంచాకూ బిడ్డ "ఇంకా" అనింది. మూడింటికి ఉచ్చ పోసి పక్కబట్ట తడిపింది. ఆ తడిని చేత్తో తడిమి బయ్యమ్మ మొగమంతా నవ్వింది.

సాయంత్రం డాక్టరు వచ్చి బిడ్డను చూసి ఆశ్చర్యపోయినాడు. "చూసినారా? పేగులకు రెస్టు ఇస్తే ఇంతే!"

"రెస్టు కాదు సామీ," అనింది బిడ్డ. జ్వరం ఇంకా నూటమూడు మీదే ఉంది. "ఈ యక్క నీళ్ళు తాపింది. ఈమెకు ఏమన్నా ఇయ్యండి."

ఇన్నేండ్లలో ఆ వార్డులో పసిబిడ్డ మాటను సాక్ష్యంగా తీసుకున్నది ఆ పొద్దే.

"ఔనా?" అన్నాడు డాక్టరు బయ్యమ్మతో.

"ఔను సార్. బతికింది కదా."

"బతకడం వేరు, నా ఆర్డరు వేరు."

"అయ్యో, నా మనమరాలిని సంపబొయ్యిందే!" మునిరత్నమ్మ రొమ్ము బాదుకుంది.

డాక్టరు చెంగమ్మ పక్క తిరిగినాడు. "నీతో చెప్పే తాపిందా?"

చెంగమ్మ అత్తను చూసింది. "నాకు తెలీదు సామీ. నేను ఈడ లేను."

బిడ్డ నోరు తెరిచింది. తల్లి మొగం చూసింది. మూసుకుంది.

మరుసటి పొద్దున బయ్యమ్మ పెట్టె సర్దుకుంది. కాగితం లేదు, కుప్పం వార్డుకు ఫోను కూడా పోయింది, ఈమెను తీసుకోవద్దని. పోతా పోతా బిడ్డ దగ్గర వంగింది. జ్వరం దిగిపోయి ఒళ్ళు చల్లగా ఉంది.

"ఉంగా," అనింది బిడ్డ.

గేటు దాకా చెంగమ్మ వెంట వచ్చింది. తలెత్తలేదు. "ఉప్పెంత, నర్సమ్మా? సక్కెరెంత?"

"నిన్న లేని నోరు ఈ పొద్దు యాడనుంచి వచ్చింది?" అనింది బయ్యమ్మ. చెంగమ్మ కదల్లేదు. బయ్యమ్మ పెట్టె కింద పెట్టింది.

"నాలుగు పెద్ద గ్లాసుల నీళ్ళకు అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల చక్కెర. చెంచా లేకుంటే నాలికమీద ఏసుకొని సూడు. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు. ఆ రుచి నీకు ఒకరు నేర్పాల్సిన పనిలేదు."

పెట్టె ఎత్తుకొని, వెనక్కి చూడకుండా బస్టాండు దావ పట్టింది.