సన్నదీ లావుదీ

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. సగం కూడా కాలేదు, బావ వచ్చి పళ్ళెం ఎత్తి నా ఒళ్ళో పెట్టాడు.

"బల్ల కావాలమ్మా. నువ్వు కింద కూర్చుని తీసుకో. ఇవాళ ఇక్కడ పెద్ద పనుంది."

పెద్ద పని అంటే రెండు లాప్‌టాప్‌లు. బావ స్నేహితుడికి కంప్యూటర్ల దుకాణం ఉంది. "రెండూ ఇంటికి తీసుకెళ్ళి చూసుకో, నచ్చింది ఉంచుకుని రెండోది సాయంత్రంలోగా తెచ్చెయ్" అన్నాడట. అలాంటి మాటలు మర్యాదకి అంటారు. బావ మర్యాదని కూడా వదిలిపెట్టే రకం కాదు. పొద్దున్నే రెండు పెట్టెలూ మోసుకొచ్చేశాడు.

కొంటున్నది అక్క కోసం. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ అది గుర్తులేదు.

అక్కకి ఒక కాలేజీలో పని దొరికేలా ఉంది. అక్కడ వినికిడి లేని ఇద్దరమ్మాయిలు చదువుకుంటున్నారు. లెక్చరర్ పాఠం చెబుతుంటే వాళ్ళ పక్కన కూర్చుని ఆయన అన్న ప్రతి మాటా అప్పటికప్పుడు టైపు చెయ్యాలి. వాళ్ళు తెర మీద చదువుకుంటారు. దీని కోసమే అక్క ఏడాదిగా సాధన చేస్తోంది. వంట అయ్యాక రేడియో పెట్టుకుని, మూలనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని వార్తలన్నీ కొట్టేది. చదివేవాళ్ళు ఊపిరి తీసుకునే లోపల వెనకబడిన మాటలు అందుకునేది. ఇవాళ మధ్యాహ్నం క్లాసులో కూర్చోబెట్టి చూస్తారట. లాప్‌టాప్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. బాగా చేస్తే పని తనది. లేకపోతే ఇంకో ఆవిడ వరసలో ఉంది.

బావ పెట్టెలు విప్పాడు. మా ఊరి బడిలో ఒకే ఒక్క కంప్యూటర్ ఉండేది. దానికి గుడ్డ కప్పి ఉంచేవాళ్ళు, చెప్పులు బయట విప్పి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. మేమప్పుడు చిన్నపిల్లలం. బావకి నలభై దగ్గర పడుతున్నాయి. అయినా అంతే భక్తిగా విప్పాడు. అట్టముక్క తీసేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాడు. పెట్టెలు విప్పే వీడియోలు రోజూ చూస్తాడు కదా, ఎవరో తననీ చూస్తున్నారనుకున్నట్టున్నాడు.

ఒకటి బూడిదరంగుది, పల్చగా ఉంది. రెండోది నల్లగా, మందంగా, కోసు మూలలతో ఉంది. దాని ఛార్జర్ ఇటుకంత. ఇంట్లో అందరూ వాటికి వెంటనే సన్నది, లావుది అని పేర్లు పెట్టేశారు.

చిన్నబావ కుర్చీ లాక్కున్నాడు. బావ తమ్ముడతను. చదువైపోయింది, ఉద్యోగం ఇంకా మొదలవలేదు. మధ్యలో ఉన్న కాలాన్ని ఆటలతో నింపుతున్నాడు.

"ముందు రోజువారీ వాడకం, తర్వాత గేమింగ్. పద్ధతిగా చూద్దాంరా" అన్నాడు బావ.

రోజువారీ వాడకం ఇలా జరిగింది. బావ వాతావరణం చూశాడు. ఎండగా ఉందని వచ్చింది, కిటికీలోంచి కూడా అలాగే కనబడుతోంది. ఒక పాట సగం విన్నాడు. తన ఫొటో ఒకటి తెరిచి, పెద్దది చేసి, కాసేపు చూసుకున్నాడు. రెండిట్లోనూ బాగానే ఉన్నాడు.

"సమానం. రోజువారీ వాడకం అయిపోయింది" అన్నాడు.

గుప్పెడు చిక్కుడుకాయలు కూడా అవలేదు నాకు.

ఇక గేమింగ్. దానికి మాత్రం ఎక్కడలేని ఓపిక వచ్చింది. ఆట ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. యుద్ధం ఆట. సన్నదాంట్లో మొదలుపెట్టిన కాసేపటికే బావని ఎవరో కాల్చేశారు.

"చూశావా, తెర ఆగి ఆగి వస్తోంది. వాడు నన్ను కాల్చాక గానీ వాడు కనబడలేదు. దీని గ్రాఫిక్స్ కార్డు దండగ."

తర్వాత లావుదాంట్లో ఆడాడు. అక్కడా కాల్చేశారు.

"ఇప్పుడు చూడరా! ఎంత స్పష్టంగా చచ్చానో!"

"గడ్డి కూడా కదులుతోంది అన్నయ్యా" అన్నాడు చిన్నబావ, చాలా మెచ్చుకోలుగా. "నువ్వు పడ్డాక నీ చుట్టూ గడ్డి ఊగుతోంది."

ఆ గడ్డిని ఇద్దరూ వంగి చూశారు.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బయటికి వెళ్ళే చీర అప్పటికే కట్టుకుని ఉంది. సన్నదాని మూలలో బ్యాటరీ గుర్తు చూసింది. ఛార్జర్ తెచ్చి తగిలించింది.

బావ పీకేశాడు. "ఏయ్, అలా తగిలించకూడదు. పోలిక సమంగా ఉండద్దూ?"

"మధ్యాహ్నం నేను తీసుకెళ్ళాలండీ. ఇలా ఆడుతుంటే అయిపోతుంది."

"అయిపోతే లావుది తీసుకెళ్ళు."

"అది ప్లగ్గు లేకపోతే గంట కూడా రాదు అన్నారుగా మీరే. మేం కూర్చునే బెంచీల దగ్గర ప్లగ్గు లేదు."

"ఈ కాలంలో ప్లగ్గు లేని క్లాసా? అడుగు. వేయిస్తారు."

మొదటిరోజే, పని ఇంకా ఇవ్వకముందే, వెళ్ళి గోడకి ప్లగ్గు వేయించుకోవాలట అక్క. మా బావ ఆఫీసులో ఒక కుర్చీ కిర్రుమంటోందని చెప్పడానికి ఆర్నెల్లు ఆగాడు. ఈ సంగతి కూడా ఆయనే చెప్పాడు, గొప్పగా.

"పైగా దానికి ఫ్యాను హోరు" అంది అక్క. "అక్కడ లెక్చరర్ గొంతు నాకు సరిగ్గా వినబడాలి."

బావకి ఇక్కడ ఒక చతురు తట్టింది. తట్టినప్పుడల్లా ముందు తనే నవ్వుతాడు.

"చెవిటి పిల్లల పక్కన కూర్చునేదానికి ఫ్యాను హోరుతో పనేంటే? వాళ్ళకి వినబడదుగా!"

చిన్నబావ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఆ నవ్వు కూడా ఆగి ఆగి వచ్చింది.

అప్పుడు అక్క అత్తగారు వచ్చారు. పెద్దావిడకి కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ గదిలో అభిప్రాయం చెప్పడానికి తెలియాల్సిన అవసరం లేదని అప్పటికే రుజువైపోయింది. రెండిటినీ చేత్తో లేపి చూశారు.

"లావుదే నయం. చేతికి తగలాలి వస్తువంటే. ఎవడైనా ఎత్తుకుపోదామన్నా ఎత్తలేడు."

"ఎత్తుకుపోవాల్సింది నేనే అత్తయ్యా" అంది అక్క.

నేను తల వంచుకుని చిక్కుడుకాయ విరిచాను.

అక్క లావుదాన్నీ, ఆ ఇటుకనీ సంచిలో పెట్టి భుజానికి వేసుకుని చూపించింది. భుజం ఒకపక్కకి వంగిపోయింది. రెండు బస్సులు మారాలి తను.

"బస్సులో కూర్చుంటావా, మోస్తావా?" అన్నాడు బావ. "కూర్చున్నప్పుడు బరువు ఒళ్ళో ఉంటుంది. ఒళ్ళో బరువు ఒక బరువా? అమ్మా, నువ్వు చెప్పు."

"నేను వీణ్ణి మోసిన బరువు ముందు ఇదెంత" అన్నారు పెద్దావిడ. ఆ మాట లావుదానికి ఓటా, బావ మీద విసురా అని ఎవరూ అడగలేదు. బావ ఓటుగానే లెక్క వేసుకున్నాడు.

"సరే" అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి. "న్యాయంగా ఉండాలి. నువ్వేదో టైపింగ్ అంటావుగా. అది కూడా చూసేద్దాం. మళ్ళీ నా మాట ఎవరు విన్నారు అనకుండా."

అక్క లావుదాన్ని సంచిలోంచి తీసి, దాని ముందు కూర్చుంది. మీట నొక్కినప్పుడల్లా ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తాయి, సర్కస్ డేరా ముందు దీపాల్లా. ఒక్కో మీటా టక్కుటక్కుమంది. బావ గొంతు సవరించుకుని చెప్పాడు: "భూమి సూర్యుని చుట్టూ తిరుగును. దీనివలన ఋతువులు ఏర్పడును." అక్క కొట్టింది. తర్వాత సన్నదాంట్లో కొట్టింది. అక్కడ చప్పుడు కాలేదు. వేళ్ళు మాత్రం కదిలాయి.

"రెండిట్లోనూ వచ్చింది. సమానం. చాలు" అన్నాడు బావ. అని తమ్ముడి వైపు తిరిగిపోయాడు.

అక్క లేవలేదు. సన్నదాని ముందే కూర్చుంది. వేళ్ళు ఆగలేదు.

నేను చూశాను. వాళ్ళు చూడలేదు. పనిచేసుకుంటున్న ఆడమనిషికి చెవులు ఉండవని ఆ ఇంట్లో అందరికీ ఒక నమ్మకం. ఏడాదిగా అక్క చేస్తున్నదేంటో ఒక్కరోజైనా నిలబడి చూసి ఉంటే తెలిసేది. వేళ్ళు ఆడుతున్నంతసేపూ అక్క వింటున్నట్టే.

బావ గొంతు తగ్గించాడు. మరీ తగ్గించలేదు, అంత కష్టపడే మనిషి కాదు.

"ఒరేయ్, లావుది ఖాయం చేసేద్దాం. ఇదెన్నాళ్ళ ముచ్చట? ఒక నెల. రెండు బస్సులెక్కి దిగి మోకాళ్ళు నొప్పులంటుంది, మానేస్తుంది. ఆ తర్వాత మనకేగా."

"వదిన ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకునేదేముంది? తనకి రెండిటికీ తేడా తెలుసా? రోజువారీ వాడకానికి ఏదైనా ఒకటే. నువ్వు భోంచేసి సన్నది ఇచ్చేసి రా. నీక్కూడా ఒక లాగిన్ పెడతాను."

"ఆ పిల్ల వింటోంది" అన్నారు పెద్దావిడ. నన్ను చూపించి అన్నారు.

"వింటే ఏంలే. అది మాట్లాడదు."

"నిజమే, నోట్లో నాలుక లేదు దానికి. వాళ్ళక్కలా కాదు. లావుదే ఉంచండిరా, నేనూ సాయంత్రాలు సీరియల్ చూసుకుంటాను, తెర పెద్దది."

అలా ఒక్క గదిలో ముగ్గురూ ఆ లాప్‌టాప్‌ని వాటాలేసుకున్నారు. దేనికోసం వచ్చిందో ఆ పనికి వాటా మిగల్లేదు.

చిన్నబావ ఛార్జర్‌ని పెట్టెలో పడేసి, సన్నదాన్ని కూడా సర్దేయడానికి ఆ పెట్టె పట్టుకుని లేచాడు. అక్క వెనక్కి వచ్చి నిలబడి, తెర మీదికి చూసి ఆగిపోయాడు.

"అన్నయ్యా."

"ఏంటి?"

"నువ్వోసారి ఇలా రా."

"చదవరా, ఏంటది?"

చిన్నబావ చదివాడు. చదువుతుంటే గొంతు చిన్నదైపోతూ వచ్చింది. "రెండిట్లోనూ వచ్చింది. సమానం. చాలు. ఒరేయ్, లావుది ఖాయం చేసేద్దాం. ఇదెన్నాళ్ళ ముచ్చట? ఒక నెల..."

బావ లేచి వచ్చాడు. ముగ్గురి మాటలూ ఉన్నాయి. మనిషి మారినప్పుడల్లా కొత్త వరస మొదలైంది. ఒక్క మాట కూడా జారలేదు. బావ పెదాలు కదుపుతూ మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చి ఆగాడు.

"నేనన్నది కూడా వేసిందా?" అన్నారు పెద్దావిడ. "సీరియల్ అన్నది?"

"వేసిందమ్మా."

"అయ్యో, నేనేదో ఊరికే అన్నాను."

'అయ్యో, నేనేదో ఊరికే అన్నాను' అని తెర మీద పడింది.

బావ అక్క వేళ్ళనే చూస్తున్నాడు. ఇందాక ఆ గడ్డిని కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు.

"ఇదంతా ఎందుకు కొట్టావ్?" అన్నాడు.

అదీ పడింది.

"ఏయ్, ఆపు. సరదాకన్నాను."

'ఏయ్, ఆపు. సరదాకన్నాను.'

చదవడానికి ఆ మాట ఎంత బలహీనంగా ఉందో బావకే తెలిసినట్టుంది. నోరు తెరిచాడు. ఏదన్నా అంటే అది కూడా ఎదురుగా వచ్చి కూర్చుంటుందని గుర్తొచ్చి మూశాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ ఇంట్లో మాట్లాడేముందు ఆయన ఆలోచించడం నేను చూసింది అదే మొదలు. సిగ్గు మాత్రం కనబడలేదు. మనిషి ఇరుక్కున్నాడు, అంతే. దారి వెతుక్కున్నాడు, దొరికింది కూడా.

"సరే, స్పీడు బావుంది. ఒప్పుకుంటాను" అన్నాడు, మార్కులు వేసేవాడి గొంతుతో. "కానీ ఇదే స్పీడు లావుదాంట్లో కూడా వస్తుంది. దాని ర్యామ్ దీనికి రెట్టింపు. అలవాటు చేసుకోవాలంతే. కొంచెం ఓపికుండాలి. నేను నీ మంచికే..."

అక్క మూత మూసింది. మెల్లగానే మూసింది. చిన్నబావ చేతిలో ఉన్న పెట్టెలోంచి సన్నదాని ఛార్జర్ తీసుకుంది. సంచిలోనే ఉండిపోయిన ఇటుకని బయటికి తీసి బల్ల మీద, లావుదాని పక్కన పెట్టింది. సన్నదాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"అరే, అది ఇచ్చెయ్యాలి. సాయంత్రం వాడికేం చెప్పను?" అన్నాడు బావ.

అక్క గడియారం చూసింది. అద్దం ముందుకెళ్ళి జుట్టు ఒకసారి సరిచేసుకుంది.

"నీతోనేనే మాట్లాడేది. ఇంకా గేమింగ్ పరీక్ష పూర్తి కాలేదు. ఒరేయ్, నువ్వు చెప్పరా వదినకి."

చిన్నబావ ఖాళీ అయిన పెట్టె మూత మూశాడు. పెద్దావిడ నా పళ్ళెంలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆవిడకి ఆ పని గుర్తే రాలేదు.

అక్క సంచి భుజాన వేసుకుంది. ఈసారి భుజం వంగలేదు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. నావైపు ఒకసారి చూసింది. తలుపు దగ్గరికి లాగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.