బేసి గదులకు అందని ఎక్స్‌రేలు

తన వదిన ఫోన్ చేసినప్పుడు ఆమె ఏదో ఆఫీసులో నిచ్చెన మీద ఉంది. కంప్యూటర్లను తీగలతో కలిపే నెట్‌వర్క్ పనిలో ఇన్నేళ్లుండి, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి మాట్లాడటం ఆమెకు అలవాటైపోయింది.

“అమ్మాయ్, మా ఆస్పత్రిలో బేసి గదుల్లోనే ఎక్స్‌రేలు తెరుచుకోవడం లేదు. సరి గదుల్లో బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఆ మాటంటే అందరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూస్తున్నారు.”

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అన్నయ్యను చేసుకుని వచ్చిన ఇన్నేళ్లలో వదిన నోట గాలిమాట వినలేదు. పైగా సగం పనిచేసి సగం మొరాయించే వ్యవహారమంటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది. మొత్తం చెడిపోయినదాన్లో చూడటానికేముంటుంది? అన్నం నాలుగు ముద్దలు గబగబా మింగి బయల్దేరింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేది వదినే. తీసినవన్నీ నడవా చివరి గదిలో ఉన్న సర్వర్‌లో చేరతాయి. డాక్టర్లు ఎవరి గదిలో వాళ్లు కంప్యూటర్లో తెరిచి చూసుకుంటారు. సోమవారం నుంచి మాత్రం సగంమంది డాక్టర్లు వదిన దగ్గరికే నడిచొచ్చి చూసి పోతున్నారు. ఇవాళ బుధవారం.

చివరి గదిలో ఆస్పత్రి తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, స్విచ్, గోడకు బిగించి ఉంది. సర్వర్ నుంచి దానికి రెండు తీగలు. ఒకటి తెగినా రెండోదాని మీద పని సాగిపోవాలని రెండింటినీ జతకట్టింది ఆమే, నాలుగేళ్ల క్రితం. రెండింటి దగ్గరా ఆకుపచ్చ దీపాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి.

“ఇక్కడేం లోపం కనబడటం లేదు. పద, గదులు చూద్దాం,” అంది.

ఒకటో గదిలో రాలేదు. రెండులో వచ్చింది. మూడులో రాలేదు. నాలుగులోనూ రాలేదు.

“అయిపోయింది వదినా, నీ లెక్క తప్పింది.”

“ఉండవే. ఆ కంప్యూటర్ ఈ గదిది కాదు. ఇక్కడిది పాడైతే తొమ్మిదో గదిది తెచ్చి పెట్టారు.”

ఆమె టక్కున ఆగింది. మొదట్లో గది నంబరు చూసే కంప్యూటర్లకు నంబర్లిచ్చారు. అంటే నాలుగో గదిలో కూర్చున్నది తొమ్మిదో నంబరు! బేసి లెక్క గదిది కాదు, కంప్యూటర్‌ది.

“వదినా, నువ్వు బంగారానివి,” అంటూ వెనక్కి పరుగులాంటి నడక నడిచింది. ఎవరి బొమ్మ ఏ తీగ మీద పంపాలో సర్వర్ అవతలివాళ్ల నంబరు చూసి పంచుతుంది. సరి నంబర్లవి మొదటి తీగ మీద, బేసివి రెండో తీగ మీద. రెండోదాని మీద బయల్దేరినవి గమ్యం చేరడం లేదన్నమాట. మరి దీపమెందుకు వెలుగుతోంది?

రెండో తీగ పీకింది. అరనిమిషంలో మూడో గది నుంచి డాక్టర్ కేక: “వచ్చిందమ్మా!” అన్నీ మొదటి తీగ మీదికే మళ్లాయి. మళ్లీ గుచ్చింది. “పోయింది!”

తీగ పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ స్విచ్ దాకా వెళ్లింది. జత కట్టింది పదకొండు, పన్నెండు రంధ్రాలను. ఈ తీగ పదమూడులో ఉంది. పదమూడు టెలిఫోన్ల దారి. పాపం సర్వర్ మూడు రోజులుగా సగం ఎక్స్‌రేలను టెలిఫోన్ల మీదికి తోస్తోంది.

“పన్నెండులోది పదమూడులోకి ఎలా వచ్చింది?”

తిరిగి చూస్తే వదిన ముఖం పాలిపోయి ఉంది.

“శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక, ఎక్స్‌రేలు తీసేటప్పుడు వేసుకునే సీసం కోట్ల స్టాండు ఇటు జరుపుతుంటే ఏదో తీగ ఊడొచ్చింది. ఖాళీగా కనబడినదాన్లో దోపాను. దీపం వెలిగింది, సరిపోయిందనుకున్నా.” స్టూలు మీద కూలబడింది. “చేసింది నేనే, అందరి మీదా ఎగిరిందీ నేనే.”

“దీపం వెలిగితే అవతల ఏదో ఉందని అర్థం. ఉండాల్సిందే ఉందని కాదు. అది నీకెలా తెలుస్తుంది? ఆ మాటకొస్తే నాదీ తప్పే. రెండు కొసలూ ఒకదాన్నొకటి పలకరించుకుని, ‘నువ్వు నా జతేనా’ అని అడిగి తేల్చుకునే ఏర్పాటుంది. అప్పట్లో తొందరపడి అది పెట్టలేదు.”

డాక్టర్లను పది నిమిషాలు ఓపిక పట్టమని చెప్పి, తీగను పన్నెండులోకి మార్చి, ఆ ఏర్పాటు కూడా చేసింది. అన్ని గదుల్లోనూ బొమ్మలు వచ్చాయి. వదిన ముఖంలోకి కాస్త నెత్తురొచ్చింది. దాంతోపాటు ప్రశ్నలూ వచ్చాయి.

“రెండు తీగలున్నాయిగా, ఒక్కో బొమ్మ రెట్టింపు వేగంతో వస్తుందా?”

“రాదు. ఒకరి బొమ్మ ఒక తీగ మీదే వస్తుంది. కాకపోతే పదిమంది ఒకేసారి అడిగినా ఇరుకు ఉండదు.”

“ఇప్పుడు ఒకటి పీకితే?”

“నువ్వే పీకి చూడు.”

“అమ్మో, మళ్లీ నేనా!” అంది గానీ అప్పటికే వదిన చెయ్యి తీగ మీదికి వెళ్లింది. ఊపిరి బిగబట్టి లాగింది. ఇద్దరూ నడవా వైపు చెవులు రిక్కించారు. ఎవరూ కేక వేయలేదు. మూడో గదిలో డాక్టర్ ఎవరికో మోకాలి ఎముక చూపిస్తూ తాపీగా మాట్లాడుతున్నాడు.

“ఇప్పుడు రెండోది కూడా పీకనా?” అంది వదిన.